బర్రెను మేపడం నేర్పారు సరే, సంఘాన్ని నడపడం ఎప్పుడు నేర్పుతారు?

పాడి, పశుసంవర్ధక, సహకార రంగాలు చూసే అధికారులకు, పాల సంఘాల పాలకవర్గాల పెద్దలకు బహిరంగ లేఖ

హైదరాబాద్

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేం హైదరాబాద్ చుట్టూ మహేశ్వరం, ఇబ్రహీంపట్నం, షాబాద్, చేవెళ్ల వైపు ఊళ్లలో బర్రెలు, ఆవులు పెట్టుకుని పాలు పోసి బతికేవాళ్లం. అందరం ముప్పై అయిదేళ్ల లోపు వాళ్లమే. ఇదే విషయం మీద ఇంతకుముందు వినతిపత్రాలు ఇచ్చాం. తీసుకున్నారు, మా కాపీ మీద ముద్ర కొట్టారు, "పైకి పంపిస్తాం" అన్నారు. పైన ఎక్కడ ఆగిందో ఇప్పటికీ తెలియదు. మళ్లీ కాగితం పట్టుకుని వస్తే మళ్లీ ముద్రే పడుతుంది కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

మీరేమీ చేయలేదని మేం అనడం లేదు. లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం 2014లోనే మొదలైంది. 1962కి ఫోన్ చేస్తే పశువైద్య వాహనం దొడ్డి దగ్గరికే వచ్చే ఏర్పాటు ఉంది. రావిర్యాలలో పెద్ద డెయిరీ ప్లాంటు లేచింది. అన్నిటికీ సంతోషమే. మా గొడవ వేరే.

శిక్షణ అని పిలిచిన ప్రతిసారీ మాకు పశువు గురించే చెబుతున్నారు. ఎద ఎలా గుర్తుపట్టాలి, సూపర్ నేపియర్ గడ్డి ఎలా నాటాలి, పచ్చిమేతను సైలేజ్‌గా ఎలా మాగబెట్టాలి, పొదుగు వాస్తే ముందు ఏం చేయాలి. పనికొచ్చే పాఠాలే, కాదనం. కానీ సంఘం ఆడిట్ రిపోర్టు ఎలా చదవాలి, సర్వసభ్య సమావేశంలో తీర్మానం ఎలా పెట్టాలి, బైలాలో, అంటే సంఘం నియమావళిలో, మనకేం హక్కుంది, ధర దగ్గర డెయిరీ వాళ్లతో కూర్చుని ఎలా మాట్లాడాలి, ఇవి ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. పేరుకి సంఘం రైతులది. దాని బీరువా తాళం ఎవరి దగ్గరుందో కూడా మాలో సగం మందికి తెలియదు. యువ పాడి రైతుల్లో నాయకత్వం పెంచాలని సభల్లో అందరూ అంటారు. పెంచే పని ఎవరిదో మాత్రం ఎవరూ చెప్పరు.

దీనివల్ల ఊళ్లో మామూలు మనుషులకు ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెబుతాం.

1. కొలత దగ్గర నష్టపోతున్నాం. పొద్దున ఆరింటికి పాలకేంద్రం ముందు క్యాన్ల వరస. ఒక్కొక్కరి క్యాను మూత తీసి, చిన్న గిన్నెతో ముంచి, కొవ్వు కొలిచే మిషన్ గొట్టం కింద పెడతారు. అర నిమిషంలో ఎర్ర అంకెలు పడతాయి. డిగ్రీ చదివి వచ్చి రెండు ముర్రా బర్రెలు కొన్న మా కుర్రాడొకడికి రోజూ 6.4 వచ్చే ఫ్యాట్ (కొవ్వు శాతం) ఒకరోజు 5.9 వచ్చింది. మేత మారలేదు, బర్రె మారలేదు. తెల్లారి కూడా అంతే, ఆ తెల్లారి కూడా అంతే. వాడు అడిగింది ఒక్క మాటే: "మిషన్ క్యాలిబ్రేషన్ చివరిసారి ఎప్పుడు చేశారు సార్?" దానికి వచ్చిన జవాబు: "మీ నాయనను పంపియ్, ఆయనతో మాట్లాడుతా." నాయన వెళ్లలేదు. "ఎందుకురా లొల్లి, రేపు పొద్దున కూడా ఆయన దగ్గరికే పాలు పట్టుకుపోవాలె కదా" అన్నాడు.

దీని ఖరీదు లెక్క కట్టండి. కిలో కొవ్వుకు 800 రూపాయలు అనుకుందాం. ఫ్యాట్ అర శాతం తగ్గితే లీటరుకు అయిదు గ్రాముల కొవ్వు పోయినట్టు, అంటే నాలుగు రూపాయలు. ప్రభుత్వం ప్రోత్సాహకంగా ఇస్తానన్న నాలుగు రూపాయలూ ఆ మిషన్ గొట్టం దగ్గరే ఆవిరైపోయాయి. రోజుకి పది లీటర్లు పోసే ఇంటికి నెలకి 1,200. ఆ మిషన్‌ను రోజూ కడగాలి, అప్పుడప్పుడూ చేత్తో కొవ్వు తేల్చే గెర్బర్ పరీక్ష చేసి ఆ ఫలితంతో పోల్చి చూడాలి. గెర్బర్ పరీక్ష అంత పెద్ద విద్యేం కాదు. యాసిడ్, ఒక గాజు గొట్టం, తిప్పే యంత్రం, చేయడం తెలిసిన ఒక మనిషి చాలు. పరీక్ష చేయమని అడిగే హక్కు తమకు ఉందని తెలిసిన నలుగురు సభ్యులు కూడా ఉండాలి. మాకు కరువైంది వాళ్లే.

2. పని ఒకరిది, పేరు ఒకరిది. పాల పుస్తకం నాయన పేరు మీద ఉంటుంది. చాలా ఇళ్లలో పాలు పిండేది కోడలు, గడ్డి కోసేది కొడుకు. ఆ కోడలు తన బర్రెల్లో ఏది ఎన్ని పాలిస్తుందో, ఏది ఎప్పుడు ఈనుతుందో, ఏది చూడి నిలవలేదో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. సంఘం రిజిస్టర్‌లో మాత్రం ఆమె పేరు ఉండదు. సర్వసభ్య సమావేశం రోజున నాయన మోకాళ్ల నొప్పులతో రాలేడు. కొడుకు వెళితే "నువ్వు మెంబర్‌వి కాదు కదా" అని వెనక కూర్చోబెడతారు. కోరం (ఉండాల్సిన కనీస హాజరు) చాలకపోతే రిజిస్టర్‌ను ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకుంటారు. సమావేశం జరిగినట్టు కాగితం మీద ఉంటుంది. జమాఖర్చులు ఆమోదించినట్టు కూడా ఉంటుంది.

3. సంఘాలు ముసలివైపోతున్నాయి. పాలకవర్గంలో ఉన్న పెద్దలను మేం తప్పుపట్టడం లేదు. సైకిళ్లకు క్యాన్లు కట్టుకుని పాలు మోసిన తరం అది, వాళ్లు లేకపోతే సంఘాలే లేవు. కానీ వాళ్ల వెనక ఎవరినీ తయారు చేయలేదు. పుస్తకాలు చూసే ఒక్క మనిషి మంచాన పడితే మూడు నెలలు పాల బిల్లుల లెక్క తేలదు. లెక్క తేలకపోతే దాణా కొట్టువాడు అప్పివ్వడు. తవుడు, చెక్క లేకపోతే పాలు తగ్గుతాయి. ఆ సందులో ప్రైవేటు ఏజెంటు వ్యాను ఊళ్లోకి వస్తుంది. ఎండాకాలం పాలు దొరకనప్పుడు రెండు రూపాయలు ఎక్కువే ఇస్తాడు. చలికాలం ఈతలు అయి పాలు పొంగినప్పుడు ఏదో సాకుతో ధర దించుతాడు. అప్పుడు తిరిగి వెళ్లడానికి ఊళ్లో సంఘం ఉండదు, తాళం వేసిన గది మాత్రం ఉంటుంది.

4. అప్పు పుట్టదు. పాడికి కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇవ్వాలని 2018-19 కేంద్ర బడ్జెట్‌లోనే చెప్పారు. తనఖా లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం పరిమితిని 2025 జనవరి 1 నుంచి 2 లక్షలకు పెంచారు. అయినా మాలో ఎవరైనా బ్యాంకుకు వెళితే మొదటి ప్రశ్న "పట్టా పాస్‌బుక్ ఎవరి పేరు మీదుంది?" అనే. ఒక్కడు పోతే ఒక్క మాటతో తిప్పి పంపుతారు. ఇరవై ఇళ్ల ఫైళ్లు సర్ది, రూల్ ఉన్న కాగితం ముందు పెట్టి మాట్లాడగలిగినవాడు పోతే కూర్చోమంటారు. అలాంటివాడు ఊరికొకడు కావాలి.

5. పెళ్లి సంగతి చెప్పాలంటే మొహమాటమే, అయినా చెబుతాం. ఎనిమిది బర్రెలు ఉన్నవాడికి పిల్లనివ్వరు. అదే కుర్రాడు వాటిని అమ్మేసి బండి మీద ఫుడ్ డెలివరీ చేస్తే "హైదరాబాద్‌లో జాబ్" అని సంబంధాలు వస్తాయి. రాబడి లెక్కేస్తే మొదటి పనే మెరుగు కావచ్చు. పాడి పనికి మర్యాద లేదు, ఎదుగుదల లేదు అనే కదా వాళ్ల భయం. పాతికేళ్లు పేడ ఎత్తినా సంఘంలో కుర్చీ దక్కదని వాళ్లకూ తెలుసు.

6. పట్నంలో ఉన్నవాళ్లకు ఇదంతా దూరపు గోల అనిపించవచ్చు. మా పక్క ఊళ్లలో ఒక్కొక్క దొడ్డి ఖాళీ అయ్యేకొద్దీ మీ చాయ్‌లోకి పాలు ఇంకా దూరం నుంచి రావాలి. దూరం పెరిగితే రవాణా ఖర్చు మీ ప్యాకెట్ ధర మీదే పడుతుంది. పాలు ఎవరు పోశారో, ఎవరు కలిపారో అడిగే వీలూ తగ్గుతుంది. సంఘం బలంగా ఉన్న ఊళ్లో పాలల్లో నీళ్లు కలిపినవాడు మర్నాడు పొద్దున్నే అందరి ముందూ దొరికిపోతాడు.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో ఆవుజాతి పశువులు 42 లక్షలకు పైనే, బర్రెజాతి కూడా 42 లక్షలకు పైనే. ఇంత పశుసంపదకు రేపు బాధ్యులు ఎవరు అనే ప్రశ్నకు మీ ఫైళ్లలో జవాబు ఉంటే మాకు చూపించండి.

దారి తెలియక ఆగామని మాత్రం అనకండి. దారి మన రాష్ట్రంలోనే ఉంది. ముల్కనూరులో మహిళల పాల సహకార యూనియన్ 2000ల మొదట్లో పుట్టింది. "స్వకృషి" పాలు వాళ్లవే. సభ్యులు ఆడవాళ్లే, డైరెక్టర్లూ ఆడవాళ్లే. పాల వ్యాపారంలోకి దిగకముందే ఆ పల్లెల ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో లెక్కలు రాయడం, సమావేశం నడపడం, అప్పు తీర్చనివాళ్లను మొహం మీదే అడగడం నేర్చుకున్నారు. వాళ్ల వెనక ఏళ్ల తరబడి నిలబడింది హైదరాబాద్‌లోని సహవికాస సంస్థే. మీరు చేసే క్రమం ఎప్పుడూ తిరగేసి ఉంటుంది: ముందు చిల్లింగ్ సెంటర్ కడతారు, దాన్ని నడిపే మనుషుల గురించి తర్వాత ఆలోచిస్తారు. ముల్కనూరు ఆడవాళ్లు ముందు మనుషులను కూడగట్టుకున్నారు.

ఏటా నవంబర్ 26న శ్వేత విప్లవ పితామహుడు కురియన్ ఫొటోకు దండ వేసి జాతీయ పాల దినోత్సవం చేస్తారు. 1949లో ఆయన గుజరాత్‌లోని ఆనంద్‌లో దిగేనాటికి వయసు 27. ఆ వయసు మనిషిని నమ్మి అక్కడి పాల రైతుల సంఘం పెద్ద త్రిభువన్‌దాస్ పటేల్ డెయిరీ అప్పజెప్పాడు. ఈరోజు మా ఊళ్లో 27 ఏళ్లవాడు మిషన్ గురించి అడిగితే నాయనను పంపమంటున్నారు.

అమెరికాలో అక్కడి బడి పిల్లల కోసం 1928లో మొదలైన ఎఫ్ఎఫ్ఏ అనే సంస్థ సాగు, పశుపోషణలతో పాటు సభ ఎలా నడపాలో కూడా నేర్పి పోటీలు పెడుతుంది. అక్కడి పశు పెంపకందార్ల సంఘం యువ రైతులను బృందంగా వాషింగ్టన్ తీసుకెళ్లి చట్టసభ సభ్యులను కలిపిస్తుంది. మేం వాషింగ్టన్ అడగడం లేదు. రాజేంద్రనగర్ అడుగుతున్నాం. మేనేజ్ (వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ), జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, నార్మ్ (వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ), పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి అధికారులు వచ్చి అక్కడ శిక్షణ తీసుకుని వెళతారు. వ్యవసాయ పట్టభద్రులతో సొంత కేంద్రాలు పెట్టించే అగ్రి క్లినిక్స్ పథకాన్ని మేనేజ్ 2002 నుంచి నడిపిస్తోంది. వ్యవసాయ డిగ్రీ లేని మాలాంటివాళ్లకు అంత ఓపికగా ఒక కోర్సు ఎందుకు ఉండకూడదు? ఆ గేట్ల ముందు నుంచే పాల వ్యాన్లు రోజూ పోతుంటాయి.

ఇంకో మాట. 2024లో సదర్‌ను రాష్ట్ర పండుగగా గుర్తించారు. నారాయణగూడలో పూలదండలతో ఊరేగే ఆ దున్నల్ని చూసి మేమూ ఈలలు వేశాం. దున్నకు దక్కిన గుర్తింపులో పావు వంతు దాన్ని మేపే కుర్రాడికి దక్కినా మాకు ఈ లేఖ రాసే పని ఉండేది కాదు.

ఇక మేం అడిగేవి.

1. ఉమ్మడి సభ్యత్వం. పాల పుస్తకం మీద ఇంట్లో పాడి పని చేసే రెండో మనిషి పేరు కూడా ఎక్కించాలి. ఇంటికి ఓటు ఒకటే ఉండనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. ఆ ఓటు వేయడానికి, సమావేశంలో మాట్లాడడానికి ఇద్దరిలో ఎవరు వచ్చినా చెల్లాలి. కోడలు వచ్చినా చెల్లాలి.

2. పాలకవర్గంలో రెండు సీట్లు. ప్రతి పాల సంఘంలో, జిల్లా యూనియన్‌లో 35 ఏళ్ల లోపు వాళ్లకు రెండు స్థానాలు కేటాయించాలి, అందులో ఒకటి మహిళకు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 97వ రాజ్యాంగ సవరణలో సహకార సంఘాల బోర్డుల్లో మహిళలకు రెండు, ఎస్సీ, ఎస్టీలకు ఒకటి అని రాశారు. సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి, రాష్ట్రాల ఆమోదం లేని ఆ భాగం ఒక్క రాష్ట్రానికే పరిమితమైన సంఘాలకు వర్తించదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దీనికోసం ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. 1964 సహకార సంఘాల చట్టం కింద ఉన్న సంఘాలకైనా, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్న సంఘాలకైనా మన అసెంబ్లీ చాలు.

3. ఏడాది శిక్షణ, విడతలవారీగా. మూడు రోజులు పిలిచి, బ్యాగు, పెన్ను ఇచ్చి, గ్రూప్ ఫొటో దిగి పంపేది మాకు వద్దు. రెండు నెలలకోసారి నాలుగు రోజులు చాలు, కానీ ఏడాది పొడుగునా సాగాలి. పాఠాల్లో ఇవి ఉండాలి: బైలా చదవడం, ఎజెండా, మినిట్స్ రాయడం, ఆడిట్ రిపోర్టు అర్థం చేసుకోవడం, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) లెక్కల మీద ధర కట్టడం, మిషన్ సరిచూడడం, రుణం ఫైలు తయారు చేయడం, సమాచార హక్కు దరఖాస్తు రాయడం, మాట వినని పెద్దమనిషితో గొడవ పడకుండా మాట్లాడడం. చివరిది అన్నిటికన్నా కష్టం, దానికి రెండు క్లాసులు ఎక్కువ పెట్టినా మంచిదే. విడతకీ విడతకీ మధ్య మా సొంత సంఘం లెక్కలే హోమ్‌వర్క్‌గా ఇవ్వండి. ఒక విడత ముల్కనూరులో, ఒక విడత ఆనంద్‌లో పెట్టండి.

4. మా బదులు పాలు పిండే మనిషికి కూలి. శిక్షణకు రమ్మంటే యువత రావడం లేదని మీ వాళ్లు రాసుకుంటున్నారట. ఎలా వస్తారు? బర్రెకు సెలవు ఉండదు. చెయ్యి మారితే కొన్ని బర్రెలు పాలు చేపవు కూడా. నాలుగు రోజులు ఇల్లు వదలాలంటే తెలిసిన మనిషిని పెట్టి రావాలి, వాడికి కూలి ఇవ్వాలి. ఆ కూలి శిక్షణ ఖర్చులో కలపండి. దీనిపైన ఆడపిల్లలు, కోడళ్లు రావాలంటే ఇంట్లో ఒప్పించాలి, చంటిపిల్లలను తీసుకురావడానికి వీలుండాలి. ఈ రెండూ లేకుండా "మహిళలకు ప్రాధాన్యం" అని కరపత్రంలో వేసినా లాభం లేదు.

5. కొలత మీద నిఘా. ప్రతి పాలకేంద్రంలో మిషన్‌ను చివరిసారి సరిచూసిన తేదీ గోడ మీద రాయాలి. సభ్యుల్లో ఇద్దరు యువకులకు గెర్బర్ పరీక్ష నేర్పి, అనుమానం వచ్చిన శాంపిల్‌ను అందరి ముందూ పరీక్షించే అధికారం ఇవ్వాలి. దీనికి చట్టం మార్చనక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అందుకే దీన్ని ముందు చేయమంటున్నాం.

6. శిక్షణ పూర్తి చేసినవాళ్లను వాడుకోండి. పశుగణన వచ్చినా, టీకాల శిబిరం వచ్చినా, కొత్త సంఘం పెట్టినా వాళ్లను పిలవండి. సర్టిఫికెట్ ఇచ్చి ఇంటికి పంపేస్తే ఏడాది తిరిగేలోపు సగం మంది క్యాబ్ స్టీరింగ్ పట్టుకుంటారు.

"కుర్రాళ్లకు కుర్చీ ఇస్తే రాజకీయాలు చేస్తారు" అని ఒక పెద్దాయన మాతో అన్నాడు. సంఘాల్లో ఇప్పుడు రాజకీయాలు లేవనుకుంటే ఆ మాటకు విలువ ఉండేది. నిజానికి మాలో కొందరు ఏదో ఒక పార్టీ జెండా మోసినవాళ్లే. ఆ జెండా పనికి పిలిచినప్పుడు ఎవరూ మా వయసు అడగలేదు, అనుభవం అడగలేదు. పాల సంఘం దగ్గరికి వచ్చేసరికి రెండూ అడుగుతున్నారు. కొందరం తప్పులూ చేస్తాం, ఒప్పుకుంటాం. అందుకే మేం అడిగేది పూర్తి పెత్తనం కాదు, పదిమందిలో ఇద్దరం. పక్కన పెద్దలు ఉండగా తప్పు చేస్తే దిద్దడం సులువు.

ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఆరింటిలో ఏవి చేస్తారు, ఏవి చేయలేరు, చేయలేకపోతే ఎందుకు చేయలేరు, ఇంతే. "పరిశీలనలో ఉంది" అనే జవాబు వస్తే, మా మండలాల పాలకేంద్రాల ముందు సభ్యుల సమావేశాలు పెట్టి, ఈ ఆరు అంశాలనూ తీర్మానాలుగా రాసి, సంతకాలతో మీకు పంపిస్తాం. ఆ సంతకాలు ఇంటింటికీ తిరిగి తెచ్చినవి మాత్రం కావు.

మాట్లాడదామని పిలిస్తే తప్పకుండా వస్తాం. సమావేశం పదకొండుకు పెట్టి రెండున్నరకు ముగించండి. సాయంత్రం నాలుగింటికల్లా మేం దొడ్లో ఉండాలి.

ఇట్లు,
హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల యువ పాడి రైతులం